జర్మన్ మూకీల తెరవెనక: ఏ డాక్యుమెంటరీ ఎవరికి సరిపోతుంది

ఇప్పుడు ప్రతి సినిమాకీ ఒక మేకింగ్ వీడియో ఉంటుంది. గ్రీన్‌మ్యాట్ ముందు హీరో తాళ్లకి వేలాడుతుంటాడు, దర్శకుడు మైకు పట్టుకుని నవ్వుతుంటాడు, వెనక పాట మోగుతుంటుంది, రెండు నిమిషాల్లో సరి. వందేళ్ల కిందట బెర్లిన్‌లో సినిమా తీసినవాళ్లకి ఈ అలవాటు పెద్దగా లేదు. అందుకే జర్మన్ మూకీలు ఎలా తీశారో చూద్దామని కూర్చుంటే ఒక చిక్కు వస్తుంది. ఆనాడు సెట్ మీద తీసిన ఫుటేజ్ చాలా కొంచెం. ఆ కొంచెం చుట్టూ తర్వాతివాళ్లు అల్లిన డాక్యుమెంటరీలు మాత్రం బోలెడు. వెతికితే రెండూ కలిసే వస్తాయి.

మా తమ్ముడి కొడుకు ఎడిటింగ్ నేర్చుకుంటున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు "పెదనాన్నా, మెట్రోపొలిస్ ఎలా తీశారో చూపించే వీడియో ఒక్కటి చెప్పు చాలు" అన్నాడు. మెట్రోపొలిస్ అంటే ఫ్రిట్జ్ లాంగ్ తీసిన జర్మన్ మూకీ. ఒక్కటి అనేసరికి నాకు నోట మాట రాలేదు. వాడికి కావాల్సింది ట్రిక్ షాట్ ఎలా చేశారన్నది. అదే మా ఆవిడ అడిగితే ఆ నటి ఎవరు, తర్వాత ఏమైంది అని అడుగుతుంది. చరిత్ర పాఠం చెప్పే స్నేహితుడొకాయన ఉన్నాడు, ఆయనకైతే హిట్లర్ దగ్గరికి వెళ్లకుండా మాట పూర్తవదు. ముగ్గురికీ ఒకే డిస్క్ చేతిలో పెడితే ఇద్దరు నిద్రపోతారు.

నేను ఇలాంటి డాక్యుమెంటరీని తూచేందుకు మూడే ప్రశ్నలు వేసుకుంటాను. కెమెరా ఎక్కడ పెట్టారో చూపించిందా? వెలుతురు ఎక్కడినుంచి పడిందో చెప్పిందా? ఎవరి చేతులు ఏం పని చేశాయో కనపడిందా? ఈ మూడింట్లో ఒక్కటీ లేకపోతే అది మంచి చరిత్ర కావచ్చు, మంచి ఉపన్యాసం కావచ్చు, మేకింగ్ మాత్రం కాదు.

ఆనాడే తీసినవి

మొదట ఆ కాలంలోనే తీసిన రెండింటి సంగతి. ఒకటి "కిఫో", 1925లో వచ్చింది. బెర్లిన్‌లో ఆ ఏడాది సినిమా, ఫోటోగ్రఫీ ఎగ్జిబిషన్ ఒకటి జరిగింది; దానికి జనాన్ని రప్పించడానికి తీసిన ప్రకటన ఇది. యాడ్ ఫిల్ములు తీయించడంలో పేరున్న యూలియుస్ పిన్షెవర్ నిర్మాత, కెమెరా పని గీడో సీబర్‌ది. సుమారు ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో కెమెరా కడుపులోని చక్రాలు, హ్యాండిల్ తిప్పే చెయ్యి, ల్యాబ్, ప్రొజెక్టర్, స్టూడియో అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి తిరుగుతుంటాయి. ఒక్క ఫ్రేమునే ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కలో ఒక్కో బొమ్మ వేశాడు సీబర్. ఇవాళ్టి పిల్లలు ఫోన్‌లో యాప్‌తో చేసే పని ఆయన కెమెరాలోనే ఫిల్మును వెనక్కి తిప్పి, మళ్లీ ఎక్స్‌పోజ్ చేసి సాధించాడు. 1920లో కాలిగరీ అనే భయపెట్టే జర్మన్ మూకీ విడుదలప్పుడు బెర్లిన్ గోడల నిండా "నువ్వు కాలిగరీ అయిపోవాలి" అని పోస్టర్లు వేశారు. ఐదేళ్ల తర్వాత ఈ ప్రకటన ఆ మాటనే తిప్పి "నువ్వు కిఫోకి వెళ్లాలి" అంది. మన దగ్గర హిట్ డైలాగును సబ్బు ప్రకటనకి వాడుకున్నట్టన్నమాట.

రెండోది "డెర్ ఫిల్మ్ ఇమ్ ఫిల్మ్", అంటే సినిమాలో సినిమా. ఫ్రీడ్రిష్ పోర్గెస్ 1923, 24 ప్రాంతంలో తీశాడు. సినిమా ఎలా తయారవుతుందో మామూలు ప్రేక్షకుడికి చూపించాలన్నదే దాని ఉద్దేశం. పూర్తిగా మిగల్లేదు, కొంత భాగమే ఉంది. ఆనాటి స్టూడియోల్లో నడిచిన పని ఇందులో కదులుతూ కనపడుతుంది కాబట్టి విలువకి లోటు లేదు.

రెండింట్లో ఏది? నన్నడిగితే కిఫోనే ముందు. పోర్గెస్‌ది చూస్తే మనుషులు కనపడతారు, కిఫో చూస్తే పని కనపడుతుంది. పైగా ఐదు నిమిషాలదే కాబట్టి మూడుసార్లు చూడొచ్చు. మొదటిసారి అలా వదిలేయండి, రెండోసారి అక్కడక్కడా ఆపుతూ చూడండి, మూడోసారి ఏ షాట్‌లో ఎన్ని ఎక్స్‌పోజర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. అయితే రెండింటి గురించీ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇవి పరిశ్రమ తనని తాను ముస్తాబు చేసుకుని చూపించుకున్న బొమ్మలు. అర్ధరాత్రి దాకా సాగిన షూటింగులు, చేతికి రాని కూలి డబ్బులు, ఎక్స్‌ట్రాల అలసట వీటిలో వెతికితే దొరకవు.

ఇక్కడే పక్కదారి ఒకటి ఉంది, చాలామంది పట్టించుకోరు. సినిమావాళ్ల మీద తీసిన కథా చిత్రాలు. డెన్మార్క్ నుంచి వచ్చి జర్మనీలో పెద్ద స్టార్ అయిన ఆస్టా నీల్సన్, ఆమె భర్త, దర్శకుడు ఊర్బన్ గాడ్ కలిసి 1913లో "డీ ఫిల్మ్‌ప్రిమడోనా", 1914లో "జపాటాస్ బాండె" తీశారు. మొదటిదాంట్లో ఆమె సినిమా నటి. ఇది కూడా కొంతే మిగిలింది. రెండోది కామెడీ. బందిపోట్ల సినిమా తీద్దామని ఒక యూనిట్ ఇటలీ వెళ్తుంది. నిజం దొంగలు వచ్చి వీళ్ల మామూలు బట్టలు ఎత్తుకుపోతారు. వేషాల్లోనే మిగిలిపోయిన యూనిట్‌ని ఊరివాళ్లు అసలు బందిపోట్లనుకుని భయపడతారు. నవ్వుకోవడానికి తీసిందే, కానీ 1914లో అవుట్‌డోర్ యూనిట్ ఎంత చిన్నదిగా ఉండేదో, కెమెరాని ఎలా చూసేవారో ఇంత హాయిగా చెప్పే డాక్యుమెంటరీ ఇంకోటి నాకు తగల్లేదు.

ఈ గాడ్, నీల్సన్ సినిమాల కోసమే బాబెల్స్‌బర్గ్‌లో గాజు స్టూడియో లేచిందని చెప్పుకోవచ్చు. మంట అంటుకుంటే ఆగని నైట్రేట్ ఫిల్ముతో బెర్లిన్ నగరం మధ్యలో పని చేయడానికి ఫైర్ నిబంధనలు అడ్డొచ్చేవి. దాంతో సీబర్ (కిఫో సీబరే) ఊరి బయట స్థలం చూశాడు. గోడలు, కప్పు అంతా గాజే, ఎండే లైటు. 1912 ఫిబ్రవరిలో అక్కడ మొదటి షూటింగ్ మొదలైంది. ఈ సంగతి తెలిసి చూస్తే ఆ కాలపు ఇండోర్ సీన్లలో నీడలు ఎందుకంత మెత్తగా ఉంటాయో అర్థమవుతుంది.

వాళ్ల నోటితో విందామనుకుంటే

ముసలితనంలో వాళ్లే కూర్చుని చెప్పిన డాక్యుమెంటరీలు రెండు చెప్పుకోదగ్గవి ఉన్నాయి. ఎర్విన్ లైజర్ 1968లో తీసిన "ఉదాహరణకి ఫ్రిట్జ్ లాంగ్" ఇరవై నిమిషాలదే. రెండోది "లులు ఇన్ బెర్లిన్". రిచర్డ్ లీకాక్, సూజన్ వోల్ తీశారు, 1984లో బయటికొచ్చింది. దర్శకుడు పాబ్స్ట్ తీసిన "పండోరా పెట్టె"లో లులు వేషం వేసిన నాయిక లూయీజ్ బ్రూక్స్ అందులో మాట్లాడుతుంది.

లాంగ్ గొప్ప కథకుడు. గొంతు, ఆ ఠీవి చూస్తుంటే నమ్మబుద్ధేస్తుంది. కానీ ఆయన జీవితాంతం ఇంటర్వ్యూల్లో చెప్పిన ఒక కథ సంగతి చూడండి. 1933లో హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ పిలిచి జర్మన్ సినిమా బాధ్యతలు తీసుకోమన్నాడని, బ్యాంకులో డబ్బు కూడా తీసుకోకుండా అదే రాత్రి రైలెక్కి పారిపోయానని చెప్పేవాడు. తర్వాత ఆయన పాస్‌పోర్ట్ బయటపడింది. అందులో ముద్రలు చూస్తే ఆ ఏడాది ఆయన బెర్లిన్‌కి వచ్చీ పోతూ ఉన్నట్టు తేలింది. అంటే లాంగ్ తన జీవితాన్ని కూడా స్క్రీన్‌ప్లే రాసుకున్నట్టే చెప్పుకున్నాడు. కాబట్టి ఆయన సెట్ కబుర్లు వినండి, ఆనందించండి, తేదీలు మాత్రం ఇంకోచోట చూసుకోండి.

బ్రూక్స్ తీరు వేరు. ఆవిడ తనని తాను కూడా వదిలిపెట్టదు. పండోరా పెట్టె చివరి భాగంలో లులు లండన్‌లో చిరిగిన బట్టలతో తిరుగుతుంది. ఆ సీన్లకి పాబ్స్ట్ కొత్తగా పాత బట్టలు కుట్టించలేదు. బ్రూక్స్ సొంత పెట్టెలు తెరిపించి, ఆమెకి బాగా ఇష్టమైన సూట్ ఏరి, దాన్ని చింపించి, జిడ్డు పట్టించి వేసుకోమన్నాడు. ఆమె లోపల కుమిలిపోయింది. ఆ కుమిలిపోవడమే ఆయనకి కావాల్సింది. ఈ సంగతి ఆమే తర్వాత రాసుకుంది. నటీనటుల వైపు నుంచి ఆనాటి ఫ్లోర్ ఎలా ఉండేదో తెలియాలంటే లాంగ్ కన్నా బ్రూక్స్‌నే నమ్ముకోండి. మా ఆవిడకి ఇదే పెట్టాను, చివరిదాకా చూసింది. ట్రిక్కులు కావాలనుకునేవాళ్లకి మాత్రం ఇందులో ఏమీ లేదు.

పని చూడాలంటే ఇవి

నా ఓటు అసలు పడేది ఇక్కడ. పునరుద్ధరించిన సినిమాల డిస్క్‌లతో పాటు అదనంగా వచ్చే డాక్యుమెంటరీలు. మామూలుగా జనం వీటిని చూడరు, బోనస్ అని వదిలేస్తారు.

స్పెయిన్‌కి చెందిన లూచియానో బెరియాతువా జర్మన్ దర్శకుడు ముర్నావ్ సినిమాల మీదే ఏళ్ల తరబడి పని చేశాడు. "నోస్ఫెరాటు" మీద ఒకటి, "డెర్ లెట్స్టె మాన్" మీద ఒకటి తీశాడు. ఈ రెండో సినిమా పేరుకి అర్థం చివరి మనిషి. పెద్ద హోటల్ ముందు బంగారు గుండీల కోటుతో నిలబడే ముసలి ద్వారపాలకుణ్ని టాయిలెట్ కాపలాకి దించేస్తారు, కథ అంతే. 1924 సినిమా. కెమెరా స్టాండు దిగింది ఇందులోనే అని అందరూ అంటారు. ఎలా దిగింది? కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్ భారీ మనిషి. తాగిన సీన్ కోసం కెమెరాని ఛాతీకి కట్టుకున్నాడు, బరువు ముందుకి లాగకుండా బ్యాటరీలు వీపుకి కట్టుకున్నాడు, తాగినవాడిలా తూలుతూ నడిచాడు. సినిమా మొదటి షాట్‌కైతే కెమెరాతో సహా సైకిల్ మీద కూర్చుని లిఫ్ట్‌లో దిగి, తలుపు తెరుచుకోగానే హోటల్ హాల్లోంచి తిరిగే తలుపు దాకా వెళ్లిపోయాడు. మన సినిమాల్లో స్టెడీక్యామ్ (ఒంటికి తగిలించుకుని కుదుపు లేకుండా తీసే కెమెరా సాధనం) అన్న మాట వినపడటానికి ఎన్నో ఏళ్ల ముందు సంగతి ఇది.

బెరియాతువా గొప్పతనం ఈ కబుర్లు చెప్పడంలో లేదు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఒకే సినిమా నెగెటివ్‌లని పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. ఆ రోజుల్లో ప్రింట్ నుంచి ఇంకో మంచి నెగెటివ్ తీసే ఫిల్ము సరిగా లేదు. అందుకని జర్మనీకి ఒక నెగెటివ్, ఎగుమతికి వేరే నెగెటివ్‌లు తయారుచేసేవారు. పక్కపక్కన రెండు కెమెరాలు పెట్టి తీయడం, లేదా బాగా వచ్చిన టేక్ సొంత దేశానికి ఉంచుకుని మిగతావి బయటికి పంపడం. చివరి మనిషికి ఇలా మూడు నెగెటివ్‌లు ఉన్నాయి. అదే సీన్, అదే నటుడు, తల తిప్పిన తీరు వేరు, నీడ పడిన చోటు వేరు. ఎడిటింగ్ నేర్చుకునే కుర్రాడికి ఇంతకన్నా పాఠం ఏముంటుంది? ఇంకా ఇంకో సంగతి: మనం చూసి మెచ్చుకున్న ప్రింట్ ముర్నావ్ వద్దనుకున్న టేకులతో కూర్చింది కావచ్చు.

నోస్ఫెరాటు మీద తీసినది లొకేషన్ల పిచ్చి ఉన్నవాళ్లకి. 1922లో విడుదలైన ఈ రక్తపిశాచి సినిమాని చాలావరకు బయటే తీశారు. విస్మార్ రేవు దగ్గరి పాత ద్వారం, ల్యూబెక్‌లోని పాత ఉప్పు గోదాములు, ఇప్పటి స్లొవాకియాలోని ఓరవా కోట. భూతం ఇల్లుగా చూపించింది ఆ ఉప్పు గోదాములనే. గోదాములు, కోట ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు చాలామంది ఉన్నారు కదా, వారాంతం రైలు టికెట్‌తో విస్మార్, ల్యూబెక్ చూసి రావచ్చు. ఈ డాక్యుమెంటరీ చూసి వెళ్తే మాత్రం మామూలు టూరిస్టులా తిరగలేరు, ప్రతి గోడ దగ్గరా కెమెరా ఎక్కడ పెట్టి ఉంటారా అని ఆగిపోతారు.

ఇక మా వాడు అడిగిన మెట్రోపొలిస్. దీనికి రెండు ముఖ్యమైనవి ఉన్నాయి. ఎన్నో పునరుద్ధరణలు చేసిన ఎన్నో పటాలాస్ తీసినది ఒకటి ("ఎన్నో" ఆయన పేరు, నా లెక్క కాదు), 2001 నాటి పునరుద్ధరణ తర్వాత డిస్క్‌తో వచ్చింది. ఆర్తెమ్ డెమెనోక్ 2010లో తీసిన "మెట్రోపొలిస్‌కి ప్రయాణం" రెండోది. ఈ రెండింటి మధ్య పెద్ద సంఘటన జరిగింది. 2008లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఏరీస్ సినిమా మ్యూజియంలో అందరూ పోయిందనుకున్న పొడవాటి ప్రింట్ బయటపడింది. దాని వెనక కథ నాకు భలే ఇష్టం. చాలాకాలం కిందట అక్కడి ఫిల్మ్ క్లబ్ ఆయనొకరు ఆ ప్రింట్ వేస్తూ, ఫిల్ము ఎగిరిపోకుండా రెండు గంటల పైగా ప్రొజెక్టర్ గేటు దగ్గర వేలు నొక్కిపట్టి కూర్చోవాల్సి వచ్చిందని విసుక్కున్నాడట. ఆ మాట విన్న సినిమా చరిత్రకారుడు ఫెర్నాండో పెన్యాకి బుర్రలో లెక్క మెరిసింది. అందరి దగ్గరా ఉన్న ప్రింట్ అంతసేపు నడవదే! వెతగ్గా వెతగ్గా దొరికింది. గీతలు పడ్డ 16 ఎంఎం కాపీయే, అయినా సుమారు 25 నిమిషాల కొత్త సీన్లు తిరిగొచ్చాయి.

అందుకని మెట్రోపొలిస్ మేకింగ్ కోసం ఒక్కటే చూసే టైము ఉంటే డెమెనోక్‌ది చూడండి. దొరికిన ఆ సీన్లతో సహా పూర్తి కథ చెబుతుంది. పటాలాస్‌ది అవి దొరక్కముందు నాటిది. కానీ లేని సీన్లని సంగీతం స్కోరు, సెన్సార్ కార్డులు (సినిమాలోని రాతలు నమోదు చేసిన పత్రాలు) పట్టుకుని ఎలా ఊహించుకున్నారో తెలుసుకోవాలనుకునేవాళ్లకి పటాలాస్ కూడా రుచిస్తుంది. తప్పిపోయిన మనిషిని ఆనవాళ్లు పట్టుకుని వెతకడం లాంటిది అది.

షూటింగ్ 1925 మేలో మొదలై 1926 అక్టోబర్ దాకా సాగింది. వరద సీన్ కోసం బెర్లిన్ పేద వాడల నుంచి సుమారు 500 మంది పిల్లల్ని తెచ్చి చల్లటి నీళ్లలో నిలబెట్టారు. ఇవాళైతే ఆ దర్శకుడి మీద కేసు పడుతుంది. ఆ సెట్ మీద మూవీ కెమెరాతో తీసిన మేకింగ్ కన్నా ఫోటోలే ఎక్కువ మిగిలాయి. లాంగ్ భార్య, రచయిత్రి తేయా ఫాన్ హర్బౌ వాళ్ల అన్నయ్య హోర్స్ట్ ఆ స్టిల్ ఫోటోలు తీశాడు. రోబో తొడుగు లోపల నటి బ్రిగిట్టె హెల్మ్ నలిగిపోతూ నిలబడటం, సాంకేతిక నిపుణులు చుట్టూ మూగడం ఆ ఫోటోల్లో ఉంటుంది. కాబట్టి డాక్యుమెంటరీలో ఫోటోలు చూపించి పైన మాట్లాడుతున్నారని విసుక్కోవద్దు. ఉన్నవే అవి.

మొత్తం చరిత్ర ఒకేసారి కావాలా

కెవిన్ బ్రౌన్లో, డేవిడ్ గిల్ 1995లో తీసిన "సినిమా యూరప్" ఆరు భాగాల్లో మూడోది జర్మనీ మీద. పేరే "తాళ్లు తెంచుకున్న కెమెరా" అన్న అర్థంలో ఉంటుంది. గంటలోపు. బ్రౌన్లో మూకీ కాలపు మనుషుల్ని వాళ్లు బతికుండగానే వెతికి మాట్లాడించిన మనిషి కనుక ఎక్కడా గాలి కబురు ఉండదు. మంచి ప్రింట్లు, సరైన వేగం.

రూడిగర్ సూక్స్‌లాండ్ 2014లో తీసిన "కాలిగరీ నుంచి హిట్లర్ దాకా" దానికి పూర్తిగా ఎదురు. సీగ్‌ఫ్రీడ్ క్రాకౌర్ 1947లో రాసిన పుస్తకం పేరు, వాదన తీసుకుని, జర్మన్ జనం మనసులో ఏముందో సినిమాల్లో వెతుకుతుంది. మా చరిత్ర స్నేహితుడికి పండగ. నా మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ దీంట్లో సరైన జవాబు రాదు. చెడ్డదని కాదు, వేరే పని మీద ఉన్న సినిమా అది.

కత్తెర పట్టుకున్న చెయ్యి

ఇన్ని చెప్పాక, మొత్తంలో నేను ఎక్కువసార్లు చూసినది ఏదంటే లోటె రైనిగర్ మీద 1970లో వచ్చిన "ది ఆర్ట్ ఆఫ్ లోటె రైనిగర్". పావుగంట ఉంటుందేమో. రైనిగర్ 1926లో "రాకుమారుడు అహ్మద్ సాహసాలు" పూర్తి చేసింది. నల్ల కాగితపు నీడ బొమ్మలతో తీసిన పూర్తి నిడివి యానిమేషన్ సినిమా. పోట్స్‌డామ్‌లో ఒక బ్యాంకర్ ఇంటి గ్యారేజీ పైన అటకలాంటి చోట మూడేళ్లు పని. కథ అరేబియన్ నైట్స్‌ది కనుక అల్లావుద్దీన్ కూడా వస్తాడు.

ఆ డాక్యుమెంటరీలో ముసలావిడ కూర్చుని బొమ్మ కత్తిరిస్తుంది. చూడాల్సింది ఆ చేతులు. మనం కత్తెర తిప్పుతాం, కాగితం కదలదు. ఆవిడ కుడిచేతి కత్తెర ఉన్నచోటే ఉంటుంది, ఎడంచేయి కాగితాన్ని గిరగిరా తిప్పుతుంది. పెన్సిలు గీత కూడా ఉండదు. గుర్రం మెడ, గుర్రం కాళ్లు, జూలు అలా రాలి పడతాయి. తర్వాత కీళ్ల దగ్గర సన్నటి తీగతో బిగిస్తుంది. కింది నుంచి లైటు వేసిన గాజు బల్ల మీద బొమ్మని పడుకోబెట్టి, పైనున్న కెమెరాతో ఒక్కో ఫ్రేము తీస్తుంది.

అనంతపురం వైపు తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఇది ఒకేసారి తెలిసినట్టూ, కొత్తగానూ ఉంటుంది. మన బొమ్మ తోలులోంచి రంగు తెర మీద పడుతుంది, ఆడించేవాడు నిలబడి పాడుతూ ఆడిస్తాడు, ప్రేక్షకుడు ఎదురుగా ఉంటాడు. రైనిగర్ బొమ్మ నిండు నలుపు, పడుకుని ఉంటుంది, పాట లేదు, ప్రేక్షకుడు లేడు, ఒక్క అడుగు వేయడానికి ఎన్నో ఫ్రేములు. కాత్యా రగనెల్లి 1999లో తీసిన ఇంకో పెద్ద డాక్యుమెంటరీ కూడా ఉంది, జీవిత చరిత్ర కావాలంటే అది. ఒక్కటే అంటే పావుగంటదే.

పిల్లలతో కలిసి చూడటానికి

విమ్ వెండర్స్ 1995లో మ్యూనిక్ విద్యార్థులతో కలిసి తీసిన "స్క్లాడనోవ్‌స్కీ సోదరులు" ఉంది. ల్యూమియేర్ సోదరులు పారిస్‌లో డబ్బు పుచ్చుకుని సినిమా చూపించడానికి దాదాపు రెండు నెలల ముందే, 1895 నవంబర్ 1న, బెర్లిన్ వింటర్‌గార్టెన్‌లో ఈ అన్నదమ్ములు చూపించారు. వాళ్ల యంత్రంలో రెండు ఫిల్ము పట్టీలు, ఒకదాని తర్వాత ఒకటి వంతులేసుకుని తెరమీద పడేవి. కొట్లాడే కంగారూ ఒక ఐటెం. ఓడిపోయారు, చరిత్ర ల్యూమియేర్ల వైపు వెళ్లిపోయింది. వెండర్స్ దీన్ని సగం నటింపజేసి, చేత్తో తిప్పే కెమెరాతో తీశాడు. మిగతా సగంలో ఆ అన్నదమ్ముల్లో ఒకడైన మాక్స్ కూతురు, 91 ఏళ్లావిడ, నిజంగా కూర్చుని నాన్న గురించి చెబుతుంది. డాక్యుమెంటరీ అని దీన్ని పరీక్షల్లో రాస్తే మార్కులు రావు. కానీ పిల్లలకి మూకీ అంటే భయం పోగొట్టడానికి ఇంతకన్నా మందు లేదు.

ఇండియా సంబంధం ఉన్నది కావాలంటే మాత్రం డాక్యుమెంటరీ కన్నా ఫోటోల వైపు చూడండి. మ్యూనిక్‌కి చెందిన ఫ్రాంజ్ ఓస్టెన్, హిమాంశు రాయ్‌తో కలిసి 1925లో "ప్రేమ్ సన్యాస్", తర్వాత "షిరాజ్", "ప్రపంచ్ పాశ్" ఇక్కడికొచ్చి తీశాడు. కెమెరామన్ యోజఫ్ విర్షింగ్ తీసిన సెట్ ఫోటోల సేకరణ ఉంది. ఆ మనిషి తర్వాత బాంబే టాకీస్‌లోనూ, చివరికి పాకీజాకీ పని చేశాడు.

కొనే ముందు

నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. జర్మనీలో ఉన్న బంధువుతో ముచ్చటపడి బ్లూరే తెప్పించుకున్నాను. ఇంట్లో ప్లేయర్లో పెడితే ఈ రీజియన్‌లో నడవదని మెసేజ్. బ్లూరేకి యూరప్ రీజియన్ బి, ఇండియా సి, అమెరికా ఎ. డీవీడీకైతే యూరప్ 2, ఇండియా 5, అమెరికా 1. అన్ని రీజియన్లూ నడిచే ప్లేయర్ లేకపోతే డిస్క్ వెనక ఆ చిన్న గుర్తు చూడకుండా డబ్బు కట్టొద్దు. అలాగే బోనస్ డాక్యుమెంటరీకి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో విడిగా చూసుకోండి. అసలు సినిమాకి ఉండి బోనస్‌కి లేకపోవడం నాకు రెండుసార్లు జరిగింది.

ఆన్‌లైన్‌లో చూసేవాళ్లకి ఇంకో చిట్కా. మూకీలు చేత్తో తిప్పిన కెమెరాలవి, వేగం స్థిరంగా ఉండదు, సెకనుకి 16 నుంచి 24 ఫ్రేముల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అప్‌లోడ్ చేసినవాళ్లు పట్టించుకోకుండా ఒకే వేగంలో పెట్టేస్తారు, మనుషులు కోడిపిల్లల్లా పరిగెడతారు. అలా అనిపిస్తే వేగం 0.75కి తగ్గించి చూడండి, ఒక్కసారిగా మనుషులైపోతారు.

మా వాడికి చివరికి కిఫో, డెమెనోక్ రెండూ ఇచ్చాను. మెట్రోపొలిస్‌లో వాడిని పట్టేసింది షుఫ్టాన్ అద్దం. ఓయ్‌గెన్ షుఫ్టాన్ కనిపెట్టిన పద్ధతి: కెమెరా ముందు అద్దాన్ని 45 డిగ్రీల కోణంలో పెడతారు. పక్కనున్న చిన్న నమూనా భవనం అందులో ప్రతిబింబంగా పడుతుంది. మనుషులు కనపడాల్సిన మేరకి అద్దం పూత గీకేస్తారు, అక్కడ గాజే మిగులుతుంది, దాంట్లోంచి దూరంగా నిలబడ్డ నటులు కనపడతారు. నమూనా, మనుషులు ఒకే దెబ్బలో ఒకే నెగెటివ్ మీద పడిపోతాయి.

ఆదివారం బాల్కనీలో మొదలుపెట్టాం. పాత డ్రెస్సింగ్ టేబుల్ అద్దం ముక్క, బ్లేడు, అగరుబత్తి పెట్టెలతో కట్టిన మేడ, డాబా చివర నిలబడ్డ మా అమ్మాయి, ఫోన్. వెనక పెయింటు గీకడానికే గంట పట్టింది, నా బొటనవేలు తెగింది. మొదటి షాట్‌లో మేడ స్పష్టంగా వచ్చింది, అమ్మాయి మసకగా వచ్చింది. రెండోదాంట్లో అమ్మాయి వచ్చింది, మేడ మసకైంది. గాజు మందంగా ఉండటంతో అంచు దగ్గర ప్రతిబింబం రెండుగా పడుతోంది. మధ్యాహ్నం ఎండ అటు తిరిగేసరికి మేడ మీద వెలుతురు ఒక వైపు, అమ్మాయి మీద ఇంకో వైపు. "పెదనాన్నా, వీళ్లు దీన్ని చేత్తో తిప్పే కెమెరాతో ఎలా చేశార్రా బాబూ" అని వాడు నెత్తి పట్టుకుని, ఇంకో అద్దం ముక్క ఉందేమో చూడమని మా ఆవిడని కేకేశాడు.